కూర్చోలేనివాడు చూసిన సినిమాలు

ఇది కూర్చుని రాస్తున్నాను. చదివేవాళ్ళకి ఇందులో విశేషం కనిపించకపోవచ్చు గానీ, పోయిన నవంబరు నుంచి మొన్న జూన్ దాకా నేను కుదురుగా కూర్చున్నది లేదు. నాకొచ్చిన జబ్బు పేరు మొలలు. ముందు 'ఒక ఇబ్బంది' అని రాసి కొట్టేశాను. తర్వాత 'కింది భాగంలో సమస్య' అని రాసి అదీ కొట్టేశాను. దాచబట్టే సంగతి ఇంత దూరం వచ్చింది కాబట్టి మొదట్లోనే పేరు చెప్పేసి తల దించుకుంటున్నాను.

నరసన్నపేటలో నాకు స్టీలు సామాన్ల కొట్టుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో తప్ప పని తక్కువ, కూర్చోవడం ఎక్కువ. ఆ ఖాళీలో ఒక పేరు సంపాదించాను. సినిమా ఎలా ఉందో రమణని అడగాలి అంటారు మా బజార్లో. కెమెరా గురించి నాకు తెలీదు, కథనం అంటే ఏమిటో తెలీదు. టికెట్టు కొని చూసినవాణ్ణి, నా నోరు నా ఇష్టం. శుక్రవారం మొదటి ఆట చూసొచ్చి కొట్టు మెట్ల మీద నిలబడి నాలుగు మాటలు చెబుతాను. నా భార్య తమ్ముడు అప్పన్నకి పక్కనే సెల్‌ఫోన్ల షాపు. వాడు నా మాటలు రికార్డు చేసి స్నేహితుల గ్రూపులో పెడతాడు. అది విని వెళ్ళేవాళ్ళు వెళ్తారు, మానేసేవాళ్ళు మానేస్తారు. ఇందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నవంబరులో ఒక పెద్ద సినిమా వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఒక పొలం గట్టు, దాని కోసం కత్తులు. హీరో తొడ కొడితే అవతల నలుగురు ఎగిరిపడుతున్నారు. నాకు మాత్రం సీట్లో మేకేదో పైకి తేలినట్టుగా ఉంది. చెయ్యి పెట్టి తడిమి చూశాను, ఏమీ లేదు. పక్క సీట్లోకి మారాను, అక్కడా అదే మేకు. విశ్రాంతి పడగానే లేచి బయటికొచ్చాను, మళ్ళీ లోపలికి పోలేదు.

ఆట వదిలే వేళకి కొట్టు దగ్గరికి చేరితే అప్పన్న ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు. "ఏటి బావా, ఎలాగున్నాది?"

"ఫస్టాఫ్ ఫర్వానేదు. సెకండాఫ్ సాగదీసీసినాడ్రా," అన్నాను.

ఎవరూ ఎదురు చెప్పలేదు. తెలుగు సినిమా సెకండాఫ్ గురించి ఈ మాటంటే ఎవరూ ఎదురు చెప్పరు. ఆ రోజు ఆ సంగతి కనిపెట్టాను, తర్వాత నెలల తరబడి దాని మీదే బతికాను.

ఆ వారంలోనే రక్తం కనిపించింది. ఎలా, ఎంత అనేది వద్దు. చేతిలో చెంబు అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. ఫోన్లో వెతికితే ఎటు నొక్కినా క్యాన్సర్ దగ్గరికే తీసుకెళ్ళింది. ఫోను మూసి జేబులో పెట్టుకుని, కొట్టుకి వెళ్ళి, ఒకావిడకి ఇడ్లీ పాత్ర అమ్మాను.

ఇంట్లో నడుం నొప్పి అని చెప్పాను. నడుం నొప్పి మర్యాదైన జబ్బు. బిందెలెత్తినవాడికి వస్తుంది, బండి నడిపినవాడికి వస్తుంది, నలుగురిలో చెప్పుకోవచ్చు. నా భార్య సుగుణ నమ్మింది. వేడినీళ్ళ సంచి తెచ్చింది, మందునూనె రాసింది. నేను బోర్లా పడుకుని, నొప్పి లేని చోట రాయించుకుంటూ 'ఆఁ, అక్కడే' అనేవాణ్ణి. నా బట్టలు నేనే ఉతుక్కోవడం మొదలుపెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో రుమాలైనా ఉతకని మగాడు అందరికన్నా ముందు లేచి దొడ్లో బట్టలు పిండుతుంటే ఏ భార్యకైనా అనుమానం వస్తుంది. ఆమె ఏమనుకుందో తర్వాత తెలిసింది.

డిసెంబరు, జనవరి నెలల్లో థియేటరు తగ్గించి ఇంట్లో టీవీ ముందు, అంటే సోఫా వెనకాల నిలబడి, పాత సినిమాలు చూశాను. కథ మీద ధ్యాస పోయింది. ఎవరు ఎలా కూర్చున్నారో అదే చూసేవాణ్ణి. పాత సినిమాల్లో అందరికీ ఎంత తీరికో! జమీందారు మెత్తటి సోఫాలో కూర్చుని ఒక రీలంతా మాట్లాడతాడు. హీరోయిన్ ఉయ్యాల బల్ల మీద కూర్చుని రెండు చరణాలు పాడుతుంది. వియ్యాలవారు పీటల మీద కూర్చుని బూరెలు తింటూ దెప్పుకుంటారు. ఆ పీటలు చూస్తే నాకు కడుపు మండేది. కొత్త సినిమాల్లో అసలు ఎవరూ కూర్చోరు. హీరో ఒక్కడే కూర్చుంటాడు, అదీ కాలు మీద కాలు వేసుకోవడానికి. ఒక కామెడీ సినిమాలో బట్టతలాయన మేకు మీద కూర్చుని ఇంటి కప్పు దాకా ఎగిరాడు. ఇంట్లో అందరూ పడిపడి నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

సినిమాల్లో జబ్బులకీ హోదాలున్నాయి. గుండెలో రంధ్రం, మెదడులో గడ్డ, పేరు తెలియని ఏదో రక్తపు జబ్బు. పాత హీరో తెల్ల రుమాల్లోకి దగ్గి, ఎర్రటి మరక చూసుకుని, రుమాలు మడిచి దాచేసి నాయిక ముందు నవ్వుతాడు. నేనూ మరక చూసుకున్నాను, నేనూ దాచాను, నేనూ నవ్వాను. నా వెనకాల మాత్రం ఏ వయొలిన్లూ మోగలేదు. నడుం కింద జబ్బు వచ్చిన హీరోని ఇంతవరకు చూడలేదు. ఏ సినిమాలోనైనా వస్తే వాడు కచ్చితంగా కమెడియనే అయ్యుంటాడు. నేను దాచడానికి అసలు కారణం అదే. చావు భయం సగమే, మిగతా సగం బజార్లో నవ్వుతారని.

ఫిబ్రవరిలో ఒక చిన్న సినిమా వచ్చింది. కరెంటు లైన్‌మాన్ కథ. స్తంభం ఎక్కాలంటే అతనికి భయం. ఆ సంగతి ఇంట్లో తెలీదు, ఊళ్ళో తెలీదు. పేరున్న నటుడెవరూ లేరు. నేను బాల్కనీ తలుపు పక్క గోడకి ఆనుకుని చూశాను. గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన నన్ను చూసి, ఏమీ అడక్కుండా, ఆ తలుపు నాకు తగలకుండా ఒక ఇటుక అడ్డం పెట్టి వెళ్ళాడు. అంతకుమించి నిలబడలేక విశ్రాంతికి వచ్చేశాను. అప్పన్న ఫోను ముందు నా పాత మాటే చెప్పాను. సెకండాఫ్ సాగదీశాడు అని. ఆ సినిమా మా ఊళ్ళో రెండో వారం చూడలేదు.

మార్చిలో అత్త వచ్చింది. మా అత్తవారిది నౌపడ పక్క పల్లెటూరు. ఆవిడ వయసులో ఉండగా ఉప్పు మడుల్లో పని చేసింది, ఇప్పటికీ కాళ్ళు చెక్కలాగా ఉంటాయి. ఆ కాళ్ళకి ఇంకో ప్రత్యేకత ఉంది. ఆవిడ ఎదురుకాళ్ళతో, అంటే తల కన్నా ముందు కాళ్ళు బయటపడి, పుట్టింది. అలా పుట్టినవాళ్ళు నడుం మీద కాలు వేస్తే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చి మరీ తొక్కించుకుంటారు. ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు, వాళ్ళకి మజ్జిగ కూడా ఇచ్చి పంపిస్తుంది.

"ఊరందరి నడాలూ తొక్కినావు గదే అమ్మా, నీ అల్లుడి నడుం తొక్కవేటి?" అంది సుగుణ.

"ఓలమ్మ! అల్లుడి మీద కాలేత్తారేటే? కళ్ళు పోవూ?" అని అత్త చెవులు మూసుకుంది.

"మందుకి తప్పేటున్నాదే?"

అక్కడే, ఆ క్షణంలోనే, నేను నోరు విప్పి ఉండాల్సింది. నడుం కాదత్తా అంటే సరిపోయేది. అత్తగారి ముందు ఆ పేరు ఎలా అనడం? తొక్కితే తొక్కనీ, రెండు నిమిషాల పని అనుకున్నాను. గడప మీద చాప వేసుకుని అడ్డంగా బోర్లా పడుకున్నాను. అత్త తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది, "తప్పు కాయి తండ్రీ" అని నా నడుం మీద కాలు మోపింది. మొదటిసారి హాయిగానే ఉంది. రెండోసారీ ఫర్వాలేదు. మూడోసారి నూనె రాసిన ఒళ్ళు కాబట్టి కాలు జారింది. మడమ కిందికి వచ్చి, ఎక్కడ తగలకూడదో సరిగ్గా అక్కడ తగిలింది.

నేను అరిచిన అరుపు ఏ సినిమాలో ఏ విలనూ అరిచి ఉండడు. ఎదురింటివాళ్ళు వచ్చారు. నేను లేచి గోడ పట్టుకుని, "ఏటీ నేదు, ఏటీ నేదు, పట్టు ఒదిలిపోనాది," అని నవ్వాను. పంచె మీద మరక నేను చూసుకోలేదు. అత్త చూసింది. చాప మీద కూడా పడింది కాబోలు, ఆవిడే చుట్టి దొడ్లోకి తీసుకెళ్ళి కడిగింది.

ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా మొహంలోకి చూడలేదు. ఆవిడ వెళ్ళిపోగానే నేను హమ్మయ్య అనుకున్నాను. జబ్బు గురించి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. ఆ హమ్మయ్య తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

ఏప్రిల్లో ఓ శుక్రవారం థియేటర్లో పడిపోయాను. అదే గోడ, అదే తలుపు. తెర మీద హీరో పరిచయం పాట నడుస్తోంది, అందరూ కాగితాలు ఎగరేస్తున్నారు. నాకు ఆ కాగితాలు నల్లగా కనిపించాయి. కళ్ళు తెరిచేసరికి టికెట్ల పెద్దాయన నా తల ఒళ్ళో పెట్టుకుని సోడా తాగిస్తున్నాడు. అప్పన్న కారు మాట్లాడి నన్నూ సుగుణనీ శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కారులో కూడా నడుం నొప్పే అన్నాను. ఏ డాక్టరుకి చూపించాలో అప్పన్నకి తెలియక, చీటీ రాసే అమ్మాయి దగ్గర వాడు మాట్లాడుతుంటే, నేను వెనక నుంచి ఆ అమ్మాయికి మాత్రమే వినపడేలా నిజం చెప్పాను. ఆ అమ్మాయి తలెత్తకుండా రాసేసి "మేడమీదకెళ్ళండి సార్" అంది. ఇన్ని నెలలు నేను మోసిన మాటని ఆ పిల్ల చీటీ మీద ఒక్క గీతలో రాసేసింది.

మేడ మీద స్టీలు బెంచీలు. నేను స్టీలు అమ్ముకునేవాణ్ణే గానీ అంత గట్టి స్టీలు ఎప్పుడూ అమ్మలేదు. నిలబడ్డాను. జనం ఎక్కువ, పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. బెంచీ చివర తలపాగా చుట్టుకున్న ముసలాయన జరిగి, "కూకోండి బాబూ," అన్నాడు. వద్దన్నాను.

మధ్యాహ్నానికి అత్త మెట్లెక్కి వచ్చింది. అప్పన్న ఫోన్ చేస్తే దారిలో అరసవల్లిలో దిగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ప్రసాదం పట్టుకుని వచ్చిందట. ఏప్రిల్ ఎండ. ఆవిడ కాళ్ళకి చెప్పుల్లేవు.

"అమ్మా, సెప్పులేవే?" అంది సుగుణ.

అత్త నా దగ్గరికి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగిపోయి, చేతులు కట్టుకుంది. "బాబూ, మీరు సెప్పకపోయినా నాకు తెలుసు. ఆ రోజు నా పాడుకాలే మీ లోపల ఏదో ఇరిసీసినాది. రగతం నాను సూసినాను. అప్పట్నుండీ ఎవుల నడుమూ తొక్కనేదు. ఆ దేవుడికి మొక్కుకున్నాను. మా బాబు మునపట్లాగ మూడు గంటలూ కుదురుగా కూకొని సినిమా సూసినరోజే సెప్పులు తొడుగుతాను, అందాకా ఈ కాలికి సెప్పెందుకు అని."

నెల రోజులకి పైగా ఆవిడ వట్టి కాళ్ళతో తిరుగుతోంది. పొలానికీ, సంతకీ, ఆ మండే రోడ్డు మీద. నా సిగ్గు కాపాడుకోవడానికి నేను ఒక ముసలమ్మ చేత నేరం మోయించాను.

"నీ కాలు కాదత్తా," అని గొణిగాను. ఆవిడకి వినపడక దగ్గరికొచ్చింది. అప్పుడు గట్టిగా చెప్పాను. "మొలలు అత్తా! నాకు మొలలు! నవంబరు నుండీ ఉన్నాయి. నీ కాలు తగలక ముందునుండే రగతం పోతన్నాది!"

ఆ హాలంతా నా వైపు తిరిగింది. నర్సు తలుపు తీసి చూసింది. నేను నేల చూపులు చూస్తున్నాను. తలపాగా ముసలాయన పక్కనున్న గోడ చూపించి, "సిగ్గేటి బాబూ, అలగ నిలబడినోళ్ళందరివీ అవే," అన్నాడు. నేను అప్పటిదాకా గమనించనే లేదు. గోడవారన నాలాంటివాళ్ళు వరసగా నిలబడే ఉన్నారు. ఒకాయన చిన్నగా చెయ్యెత్తాడు. ఇంకొకాయన గోడ వైపు తిరిగిపోయాడు.

సుగుణ ఏడుస్తూ నా భుజం మీద కొట్టింది. "ఇన్నేళ్ళు కాపురం సేసినాను. నానేటి పరాయిదాన్నా? తెల్లారగట్ల బట్టలుతుకుతుంటే ఎవుత్తినో తగులుకున్నావనుకున్నాను. దేవుడికి తెలుసు, ఎన్ని రోజులు ఏడిసినానో!"

అత్త ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టింది. చెప్పులు వేసుకో అత్తా, ఇంక నీ తప్పేం లేదు కదా అంటే, "మొక్కు మొక్కే బాబూ. దేవుడితోటి అన్న మాట," అంది.

లోపల డాక్టరమ్మ, నా మేనకోడలి వయసుంటుంది. చూసింది, పరీక్షలు చేయించింది. నేను భయపడిన జబ్బు కాదని చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ సుగుణ నా మంచం పక్క నేల మీద పడుకుంది, నాతో మాట్లాడలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని ఎవరిదో రక్తం ఎక్కించారు. తర్వాత ఆపరేషన్ చేశారు. "ఇన్నాళ్ళు ఎందుకు ఆగారండీ?" అని డాక్టరమ్మ అడిగింది. నేను ప్రతి సినిమా గురించీ అభిప్రాయం చెప్పినవాణ్ణి, ఆవిడకి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఇది చదివేవాళ్ళలో నాలాగా గోడవార నిలబడేవాళ్ళుంటే, రక్తం కనిపించిన వారంలోనే వెళ్ళండి. బజారు నవ్వితే నవ్వుతుంది, రెండు రోజులు నవ్వి మానేస్తుంది.

మే నెలంతా మంచం మీద బోర్లా పడుకుని, ఫోను తలగడకి ఆనించి సినిమాలు చూశాను. ఒక పాపం కడుక్కోవాలని, నవంబరు నుంచి నేను తీర్పు చెప్పిన సినిమాల సెకండాఫ్‌లు వెతికి చూశాను. అన్నదమ్ముల గట్టు సినిమా నిజంగానే సాగింది, నా అదృష్టం. లైన్‌మాన్ సినిమా సాగలేదు. గాలివానలో ఊరు చీకటైపోతే, అతను స్తంభం కింద నిలబడి, నాకు భయం, నేను ఎక్కలేను అని భార్యతో అనేస్తాడు. ఆ పిల్ల నవ్వదు. నిచ్చెన పట్టుకుంటుంది. అంతే, పాట లేదు, డైలాగు లేదు. తలగడ తడిసింది. ఎవరో కుర్ర దర్శకుడు, ఎన్నాళ్ళు తిరిగి తీశాడో. మా ఊళ్ళో ఆ నిచ్చెన దాకా వెళ్ళాల్సినవాళ్ళని నేను మెట్ల మీద నిలబడి ఆపేశాను.

జూన్లో డాక్టరమ్మ ఇంక కూర్చోవచ్చంది. మరుసటి శుక్రవారం అత్తని పిలిపించాను. సుగుణ, అప్పన్న, అత్త, నేను మొదటి ఆటకి వెళ్ళాం. నా చంకలో మధ్య ఖాళీ ఉన్న గుండ్రటి రబ్బరు దిండు. అందరూ చూస్తుండగా పట్టుకెళ్ళాను. టికెట్ల పెద్దాయన దాన్నీ నన్నూ చూసి, "గోడకి సెలవేటి బాబూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం వేడెక్కాయి.

అత్త నా పక్క సీట్లో కూర్చుని, సంచిలోంచి చెప్పుల జత తీసి సీటు కింద పెట్టుకుంది. సినిమా పెద్దదే. ఒక పోలీసు, వాడి తమ్ముడు దొంగ, వాళ్ళ అమ్మకి చూపు లేదు. పోలీసు నడిస్తే దుమ్ము, దొంగ నడిస్తే నిప్పులు. విశ్రాంతి పడింది. ఎప్పట్లాగా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. అత్త నా వైపు చూసింది. కూర్చున్నాను.

సెకండాఫ్ మొదలైన కాసేపటికి అత్త కాళ్ళు పైకి ముడుచుకుని నిద్రపోయింది. తెర మీద ఏదో ఇల్లు పేలింది. ఆ వెలుగులో ఆవిడ అరికాళ్ళు కనిపించాయి. ఉప్పు మడులకి కూడా చెక్కుచెదరని కాళ్ళు, మడమల దగ్గర నెర్రెలు విచ్చాయి. వేళ్ళ కింద బొబ్బలు చిట్లి మానిన మచ్చలు. ఇంకో పాట వచ్చింది, వెలుగు మారింది, ఆ మచ్చలు మళ్ళీ కనిపించాయి. తెర వైపు తల తిప్పాలని చూశాను. తిరగలేదు.

దీపాలు వెలిగాయి. జనం లేస్తున్నారు. నేను దిండు మీద నుంచి దిగి, సీట్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చెప్పులు తీసి అత్త కాళ్ళకి తొడగబోయాను. ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"ఓలమ్మ బాబూ! కాళ్ళట్టుకుంటారేటి! ఒగ్గీండి, ఒగ్గీండి!"

"మూడు గంటలూ కూకున్నాను అత్తా," అన్నాను. వదల్లేదు. రెండో చెప్పు కూడా తొడిగాను.

బయటికి రాగానే అప్పన్న అలవాటు చొప్పున ఫోను నా మొహం ముందు పెట్టాడు. చుట్టూ మా బజారువాళ్ళు కూడా చేరారు.

"సెప్పు బావా. సెకండాఫ్ ఎలాగున్నాది?"

"సూడనేదురా," అన్నాను. "నవంబరు నుండీ ఒక్క దానిదీ సూడకుండానే సెప్పినాను."